మరపడవకు రాడార్ అమర్చుట

ఇటిక్యాలనుండి ఒక శ్రోత మాకొక జాబు వ్రాసిరి. వారి కుమారుడు విశాఖపట్టణపు చేపలరేవులో మరబోట్లకు విద్యుత్తీగెలు వేయు పనిలో కుదిరినాడట. బోట్ల నెత్తిన గిరగిర తిరుగు బద్దవంటి వస్తువును, కొన్నింటిపై తెల్లని గుండ్రని పెట్టెవంటి వస్తువును ఎక్కించి, వానికి తీగెలు కలుపుట అతని పని. ఆ వస్తువేమి, దానివద్ద పనిచేయు పిల్లవానికి ప్రమాదమేమైన నున్నదా, అది యున్న బోటు రాత్రివేళ నిజముగా క్షేమముగా తిరిగివచ్చునా యని వారడిగిరి. జాబు చివర, మా కృష్ణలో తిరుగు పుట్టికి కూడ దానిని పెట్టవచ్చునా యని చమత్కారముగా మరియొక ప్రశ్న చేర్చిరి. నాలుగింటికిని ఈ ప్రసంగమున సమాధానము చెప్ప యత్నింతుము.

ఇటిక్యాలవారికి నీరు క్రొత్తది కాదు. ఒకవంక కృష్ణ, ఒకవంక తుంగభద్ర. నడుమ నున్న నేలకు నడిగడ్డ యనియే పేరు. అయితే నదిలో పోవువానికి ఆవలిగట్టు కనబడుచుండును. బీచుపల్లి వద్ద ఆంజనేయస్వామి గుడియో, వంతెనయో గురుతుగా నుండును. సముద్రముపై చీకటిరాత్రి అట్టి గురుతు లేదు. దూరమున కనబడు దీపము ఓడదో బోటుదో, ఎంత దూరమున నున్నదో, ఎటు కదలుచున్నదో కంటికి వెంటనే తేలదు. వాన పట్టినచో ఆ దీపము కూడ కనబడదు. రాడార్ ఈ అవసరమునకే పుట్టినది.

చిత్రమేమనగా, దాని మూలరూపము తొలుత ప్రదర్శింపబడినది సముద్రముపై గాదు, నదిపైననే. 1904వ సంవత్సరము మే నెలలో జర్మనీలోని కొలోన్ నగరమున, రైను నదివద్ద, క్రిస్టియన్ హ్యుల్స్‌మేయర్ అను నాతడు రేడియో తరంగములను పంపి, వచ్చుచున్న పడవను తాకి అవి మరలినంతనే గంట మ్రోగునట్లు చేసి చూపెను. పడవ యున్నదని గంట చెప్పెనే గాని ఎంతదూరమున నున్నదో చెప్పలేకపోయెను. 1940లో బ్రిటనునందలి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున రాండల్, బూట్ అను నిరువురు శాస్త్రజ్ఞులు కావిటీ మాగ్నెట్రాన్ అను సాధనమును నిర్మించిన పిమ్మట, కొలది సెంటిమీటర్ల పొడవుగల తరంగములను గొప్ప శక్తితో పుట్టించుట సాధ్యమయ్యెను. బోట్లపై నేడు సాధారణముగా కనబడు రాడార్ తరంగము పొడవు సుమారు 3 సెంటిమీటర్లు.

మా రేడియో కేంద్రమునుండి తరంగములు ఎడతెగక ప్రసారమగుచుండును. వానిని మీ యింట నున్న రిసీవరు పట్టును. మాగ్నెట్రాన్ గల రాడార్ పద్ధతి వేరు. అది సెకనులో పదిలక్షవ వంతునకు మించని స్వల్పకాలము ఒక కేక వేసి, వెంటనే చెవి యొగ్గి వినును. పంపునదియు, వినునదియు ఒకే ఏంటెన్నా. తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, కేకకును ప్రతిధ్వనికిని నడుమ సెకనులో పదిలక్షవ వంతు గడచినచో ఎదుటి వస్తువు 150 మీటర్ల దూరమున నున్నదని లెక్క. ఏంటెన్నా తిరుగుచుండుటచే ఏ దిక్కునుండి ప్రతిధ్వని వచ్చెనో కూడ తెలియును. ఈ రెండును కలిసి తెరపై చుక్కగా పడును. గుండ్రని పెట్టెలోనున్న చిన్న ఏంటెన్నా కిరణము వెడల్పు సుమారు 4 డిగ్రీలు. పొడవైన బద్దది అందులో సగమో, అంతకు తక్కువో. కావుననే, ఒకదాని ప్రక్క నొకటి పోవు రెండు బోట్లను చిన్న ఏంటెన్నా ఒకటే చుక్కగా చూపగా, పెద్దది విడదీసి చూపగలదు.

ఇక ఎక్కించు పని. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్ల చేపలవేట నిషేధము. ఆ రెండు నెలలలోనే బోట్లకు మరమ్మతులు, రంగులు, క్రొత్త పరికరములు. ఏంటెన్నా ఎక్కించుటకును అదియే అనువైన కాలము. అయితే తొందర ఎక్కువగా నుండు కాలమును అదియే.

ఏంటెన్నా ఎత్తుగా నుండినకొలది దూరము కనబడును. భూమి గుండ్రనిది గావున ఆ దూరమునకొక హద్దు కలదు. ఎత్తు మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 2.2 చే గుణించినచో అంచు ఎన్ని నాటికల్ మైళ్ల దూరమున నున్నదో వచ్చును. 4 మీటర్ల ఎత్తునకు 4.4 మైళ్లు, 9 మీటర్లకు 6.6 మైళ్లు. ఎత్తు రెండింతలకు మించినను చూపు ఒకటిన్నర రెట్లే పెరిగినది. ఈ కొద్దిలాభమునకై బరువును మరీ పైకెత్తినచో అలలలో బోటు ఊగుట హెచ్చును. ఎదుటి వస్తువు ఎత్తుకూడ లెక్కకు వచ్చును గనుక పెద్ద ఓడ ఇంకను దూరముననే కనబడును. మరియు ఏంటెన్నా ఎత్తినకొలది బోటు చుట్టు ప్రక్కనే గ్రుడ్డితావు పెద్దదగును. కావున వీల్‌హౌస్ పైకప్పుమీద బలమైన చిన్న స్తంభము చాలును. మనుష్యుల తలలకంటె అది ఎత్తుగా నుండవలెను, అంతే.

ఎత్తుకంటె ముఖ్యమైనది నీడ. ఈ ప్రసంగమున మేము నొక్కి చెప్పదలచిన దీనినే. ఏంటెన్నాకు మీటరు దూరమున 15 సెంటిమీటర్ల మందముగల ఇనుపస్తంభ మున్నదనుకొందము. అది 8 డిగ్రీలకు పైగా మరుగుచేయును. చూచుటకు స్వల్పమే. కాని ఒక నాటికల్ మైలు దూరమున ఆ మరుగు వెడల్పు 270 మీటర్లు దాటును. అందలి ప్రతిధ్వని మిక్కిలి క్షీణించును. చిన్నబోటు బొత్తిగా కనబడకపోవచ్చును. తెరపై మాత్రము ఆ తావు నల్లగా, ప్రశాంతముగా, ఖాళీ సముద్రమువలెనే యుండును. చూడలేని చోటును చూడలేదని రాడార్ చెప్పదు. సరంగు దానిని చూచి దారి నిర్భయమనుకొనును. పగటిపూట రేవులో బోల్టులు బిగించినవాడు చేసిన పొరపాటు, నెలల తరువాత, ఒక రాత్రి, వేరొకని యెదుట నిలుచును.

నీడ బొత్తిగా లేకుండ చేయుట చిన్నబోటులో సాధ్యము కాదు. అది ఎచ్చట పడవలెనో నిర్ణయించుట మాత్రము మన చేతిలోనిది. ముందువైపునను, కుడివైపునను పడకూడదు. సముద్రమార్గ నియమముల ప్రకారము ఒకదాని దారికి మరియొకటి అడ్డముగా వచ్చునపుడు, తన కుడివైపున నున్న మరయోడకు మనము తప్పుకొనవలెను; అటువైపే చూపు లేకున్న నెట్లు? కావున స్తంభముల నీడ వెనుకకు పడునట్లు ఏంటెన్నాను వానికి ముందుగా నిలుపుట మంచిది. పొగగొట్టపు వేడియు మసియు కూడ దానికి తగులరాదు.

ఏంటెన్నా నీటిమట్టమునకు సమముగా నుండవలెను. రేవులో కట్టియున్న బోటు మట్టము కాదు, పరుగెత్తునప్పటి మట్టము. వేగమున కొన్ని బోట్ల ముక్కు పైకెత్తును. అట్టివానిలో ఏంటెన్నా వెనుకప్రక్క చిన్న చీల వేసి ముందుకు కొంచెము వంచుదురు. పిమ్మట దిక్కు సరిచూడవలెను. దూరముననున్న చిన్న గురుతునకు బోటుముక్కును కంటితో సూటిగా పట్టి, తెరపై ఆ గురుతు ముక్కుగీతమీదనే పడునట్లు సవరింతురు. మాగ్నెట్రాన్‌లో బలమైన అయస్కాంత ముండును గావున దిక్సూచికి ఎంత ఎడము విడువవలెనో తయారీదారు పుస్తకమున చూచుకొనవలెను. లేనిచో రాడార్ వచ్చి దిక్సూచిని చెరచినట్లగును.

తీగెలమాట. ఏంటెన్నానుండి తెరకు వచ్చు తీగె పలుపోగుల తీగె. పైన లోహపు తొడుగుండును. దానిని పదునుగా మడువరాదు, వైర్‌లెస్ ఫోను తీగెతో జతకట్టి పోనీయరాదు. పైకప్పు రంధ్రములోనికి దూరుటకు ముందు తీగెను కొంచెము క్రిందికి జారవిడిచి మరల పైకెత్తవలెను. చూరునీరు ఎక్కడ జారవలెనో మన తాపీమేస్త్రీలకు తెలిసినట్లే, వానచినుకు ఆ వంపువద్ద జారిపోవును, రంధ్రములోనికి పోదు. ఉప్పునీరు రాగిని తినివేయును గావున ప్రతి అతుకును గాలిచొరకుండ చుట్టవలెను.

బేటరీతీగె సన్నమైనదైనచో, పరికరము చెడినదని అపవాదు పడును. 12 వోల్టుల బేటరీనుండి 10 మీటర్ల దూరమునకు పోను రాను 20 మీటర్ల తీగె. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెలో 5 ఆంపియర్లు పోవునపుడు దారిలోనే 1 వోల్టుకు పైగా హరించును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగె వేసిన అర వోల్టు కూడ పోదు. రాడార్‌కు వేరుగా ఫ్యూజు, వేరుగా స్విచ్చి యుండవలెను. రేవులో బోట్లు ఒకదాని నొకటి ఒరసికొని యుండును. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖ చేపలరేవున ఒకచోట లేచిన మంట పలుబోట్లను దగ్ధము చేసెను. దాని కారణముతో మాకు పనిలేదు. ఒక బోటులోని తీగెపని ప్రక్కబోటువానికి కూడ సంబంధించినదని జ్ఞాపకము చేయుటయే మా ఉద్దేశము.

పిల్లవాని ప్రమాదమునకు వత్తము. ఏంటెన్నావద్ద పనిచేయుచుండగా క్రిందనున్నవాడు తెలియక స్విచ్చి వేసినచో రెండు కీడులు: తిరుగు బద్ద మనిషిని కొట్టి పడవేయును, దగ్గరి కిరణము ముఖ్యముగా కంటికి హాని చేయును. కావున పైకెక్కుటకు ముందు ఫ్యూజును తీసి తన జేబులోనే వేసికొనవలెను. ‘పైన మనిషి యున్నాడు’ అని స్విచ్చివద్ద చీటీ వ్రేలాడదీయవలెను. మాగ్నెట్రాన్ వేలకొలది వోల్టులతో పనిచేయునది. కరెంటు ఆపినను కొంతసేపు లోపల నిలువ యుండవచ్చును గనుక ఆ పెట్టె మూత తెరచుట శిక్షణ పొందినవారి పని. రంగులు వేయువారిని కూడ హెచ్చరింపవలెను. అందముకొరకు ఏంటెన్నా ముఖమునకు వారు పూయు రంగులో లోహపుపొడి యున్నచో రాడార్‌కు శుక్లము పట్టినట్లే.

ఇక రాత్రి క్షేమము. 1956 జూలై 25 రాత్రి అమెరికా తీరమునకు దూరమున ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అను రెండు పెద్ద ఓడలు ఢీకొని 51 మంది మరణించిరి. రెండింటను రాడార్లు పనిచేయుచునే యుండెను; ఒకదాని నొకటి తెరపై చూచుకొనుచునే వచ్చెను. 1972 నాటి అంతర్జాతీయ నియమావళి, కంటితో చెవితో కాపలా కాయుట మానరాదనియు, అరకొర రాడార్ సమాచారమును బట్టి ఊహలు చేయరాదనియు శాసించుచున్నది. మరియొకటి: కొయ్యబోటును, ఫైబరుబోటును ప్రతిధ్వనిని చక్కగా పంపవు. తనకు రాడార్ ఉన్నంతమాత్రమున ఓడ తనను చూచుచున్నదని సరంగు భ్రమపడరాదు. స్తంభమునకు లోహపురేకుల ప్రతిఫలకము నొకదానిని కట్టవలెను. ఖర్చు స్వల్పము, కరెంటు అక్కరలేదు.

కాబట్టి ఆ శ్రోత తన కుమారునికి ఇట్లు వ్రాయవచ్చును: పని ముగిసిన పిదప బోటును రేవు వెలుపలికి తీసికొనిపోయి, మరియొక బోటును దూరమునుండి తన చుట్టును తిరుగుమని చెప్పి, తెరపై దాని చుక్క ఏయే డిగ్రీల నడుమ మాయమగునో వ్రాసికొనవలెను. ఆ అంకెలను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి, తెర ప్రక్కనే అంటింపవలెను.

పుట్టి సంగతి మిగిలినది. వెదురుబద్దల పుట్టి రాడార్‌కు మిక్కిలి మసకగా కనబడును. అందులో కూర్చున్నవాని ఒడిలోని ఇత్తడిబిందె అంతకంటె బాగుగా కనబడవచ్చును. ఏంటెన్నాను దానికి పెట్టుటకు వేరొక చిక్కున్నది. తెరపై ముక్కుగీతను బోటుముక్కుతో సరిచూడవలెనని చెప్పితిమి గదా. గుండ్రముగా తిరుగుచు ఏరు దాటు పుట్టికి ముక్కు ఎటున్నదో, ఇటిక్యాలవారే మాకు తెలుపవలెను.