మీటల మీది మెరుపు

ఇత్తడి చెంబు తోమినకొద్దీ తళతళలాడుతుంది, చూసినవారు ముచ్చటపడతారు. కంప్యూటరు కీబోర్డు విషయంలో మాత్రం మెరుపు క్షయానికి గుర్తు. కొన్నేళ్లు వాడిన కీబోర్డును వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే కొన్ని మీటలు నూనె పూసినట్లు నిగనిగలాడుతూ, తక్కినవి కొత్తవాటివలె మసకగా కనిపిస్తాయి. పొడవైన స్పేస్‌బారు సైతం అంతటా అరగదు. బొటనవేలు తాకే చోటనే నునుపెక్కుతుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేసేవారికి ఆంగ్లాక్షరం 'డి' ఉన్న మీటతో పని ఎక్కువ. పొల్లు గుర్తు అక్కడే ఉంది. దాదాపు ప్రతి సంయుక్తాక్షరానికీ అది కావలసిందే. ఎవరు ఏ భాషలో రాశారో మీటలే సాక్ష్యం చెప్పగలవన్నమాట!

కొత్త మీట పైతలం కంటికి ఆనని మిట్టపల్లాలతో గరుకుగా ఉంటుంది. దానిపై పడిన వెలుగు నలుదిక్కులకు చెదరిపోవడంవల్ల మీట మసకగా కనిపిస్తుంది. వేళ్ల ఒరిపిడికి ఆ మిట్టలు అరిగిపోగా, వెలుగు అద్దంమీద పడినట్లు ఒకే దిక్కుకు పరావర్తనం చెందుతుంది. చర్మపు జిడ్డు కూడా కొంత మెరుపునిస్తుంది. అందుచేత మొదట మీటలను ఊడదీసి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పోయినది జిడ్డు, మిగిలినది అరుగుదల.

చాలా మీటలు ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. అది త్వరగా నునుపెక్కుతుంది. పీబీటీ అనే మరొక రకానికి ఆ స్థితి ఆలస్యంగా వస్తుంది. ఏబీఎస్ అసిటోన్‌లో కరిగిపోతుంది కనుక గోళ్లరంగు తుడిచే ద్రవాన్ని దాని దరికి చేర్చరాదు.

అరిగిన మిట్టలను తిరిగి అతికించే ఉపాయం లేదు. పునరుద్ధరణ అని పిలిచే పని నిజానికి మరికొంత ప్లాస్టిక్‌ను సమంగా గీకివేయడమే. మెలమైన్ నురుగుతో చేసిన స్పాంజి తాకడానికి మెత్తగా ఉన్నా, తడిపి రుద్దితే మిక్కిలి సన్నని గరుకు కాగితంవలె పనిచేస్తుంది. 1000 గ్రిట్, అంతకన్న సన్నని గరుకు కాగితాన్నీ నీటిలో తడిపి వాడవచ్చు. ఒకే దిక్కుకు రుద్దితే చారలు పడతాయి. చిన్న చిన్న వలయాలుగా రుద్దాలి. చేతి బరువు పెంచితే మీట ఆకారమే మారుతుంది.

అసలు ప్రమాదం అక్షరాలకు. పైన అచ్చువేసిన అక్షరం ఈ పనికి నిలవదు. ప్లాస్టిక్‌లోకి ఇంకించిన రంగు కొంత ఓర్చుకొంటుంది. రెండు రంగుల ప్లాస్టిక్‌ను ఒకదానిలో ఒకటి పోసి చేసిన అక్షరం మాత్రం మీట అరిగినా చెరగదు. అడుగునుండి వెలుగు వచ్చే కీబోర్డులలో రంగు పూసిన మీటలుంటాయి. వాటిని రుద్దితే రంగుపొర లేచి, వెలుగు అక్షరం వెలుపలికి కారుతుంది. అటువంటి మీటలను మార్చుకోవడమే మేలు.

'ఎఫ్', 'జె' మీటలపై చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. కన్నెత్తి చూడకుండా టైపు చేసేవారి చూపుడువేళ్లు తమ స్థానాన్ని గుర్తించేది దానితోనే. రుద్దేటప్పుడు ఆ రెండింటిని వదలిపెట్టాలి, అవి ఎంత మెరిసినా సరే.