నెలతక్కువ శిశువు మెదడు - విద్యుత్ రేఖలు

ధర్మవరములో పట్టుచీరలు నేసే వీధి వెంట నడిచేవారికి, తలుపులు మూసి ఉన్నప్పటికీ, లోపల ఎన్ని మగ్గములు ఆడుతున్నవో చప్పుడును బట్టి కొంత తెలుస్తుంది. ఏ మగ్గముపై ఏ అంచు నేస్తున్నారో మాత్రము తెలియదు. తలపై అమర్చే ఎలక్ట్రోడుల సంగతియు ఇటువంటిదే. లక్షలాది నాడీకణములు ఒక్కమారుగా పనిచేసినప్పుడు పుట్టే స్వల్ప విద్యుత్తును అవి బయటినుండి గ్రహిస్తవి. దీనిని మైక్రోవోల్టులలో, అనగా వోల్టులో పదిలక్షలవ వంతులలో కొలుస్తారు. జర్మనీలోని యేనా నగరమున హాన్స్ బెర్గర్ 1924లో మానవ మస్తిష్క తరంగములను మొదట నమోదుచేసి, 1929లో ప్రకటించాడు.

37 వారములు నిండకముందే పుట్టిన బిడ్డను నెలతక్కువ శిశువు అంటారు. (ఏడవ నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదవ నెల బిడ్డ బతకదు అనే మాట పల్లెలలో వినవస్తుంది. అది సరికాదు, గర్భములో గడిచే ప్రతివారమూ బిడ్డకు మేలే.) పెనుగొండ దగ్గరి ఎర్రమంచిలో ఒక తల్లికి 28 వారములకే కాన్పు అయినదనుకొందాము. ఆ శిశువు మెదడులోని కుహరముల పక్కన మిక్కిలి పలుచని రక్తనాళములు గల పొర ఒకటి ఉంటుంది. రక్తపు పోటు హెచ్చుతగ్గులైతే అవి చిట్లవచ్చును. ఇది ఎక్కువగా మొదటి మూడు దినములలోనే జరుగుతుంది. రక్తము, ప్రాణవాయువు చాలక తెల్లని పదార్థము దెబ్బతినుట మరొక ప్రమాదము. చూచేవారికి బిడ్డ నిద్రపోతున్నట్లే ఉంటుంది. మూర్ఛ వచ్చినా కాలుచేతులు కొట్టుకొనకపోవచ్చును. రేఖలలో మాత్రమే అది బయటపడుతుంది.

అయితే ఈ రేఖలను చదువుట తేలిక కాదు. 28 వారముల శిశువులో మగ్గములన్నీ ఒక్కసారి ఆడి, కొన్ని సెకనులు మౌనము వహించినట్లుంటుంది. పెద్దవారిలో ఇట్టి మౌనము భయపడదగినది, ఇక్కడ సహజము. పారిస్‌లో కొలెట్ డ్రేఫస్-బ్రిసాక్ 1950లలో ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించినది. వారములు గడిచేకొద్దీ మౌనము తగ్గుతుంది. సుమారు 30 వారముల నుండి నిద్రా మెలకువల మార్పు కనబడసాగుతుంది. కనుక తల్లి చివరి ముట్టు తేదీ తప్పుగా వ్రాసికొంటే, మంచి రేఖ కూడ చెడ్డదిగా తోస్తుంది.

రోజులతరబడి పూర్తి లేఖనము తీసి చదువుటకు నిపుణులు కావలెను. అందుచేత 1969లో లండనులో మేనార్డ్, ప్రయర్ మొదలగువారు వర్ణించిన సులభయంత్రము నవజాత శిశువులకును వాడుకలోనికి వచ్చినది. మొదట అది స్పృహ తప్పిన పెద్దవారికై ఉద్దేశించినది. సెకనుకు 2 కన్న తక్కువ, 15 కన్న ఎక్కువ కంపనములను వడగట్టి, ఒక గంట లేఖనమును ఆరు సెంటీమీటర్లలో ఒక పట్టీగా చూపుతుంది. పట్టీ అడుగు అంచు వయస్సుకు తగనంత కిందికి దిగినా, నిద్ర మార్పులు రావలసిన వేళకు రాకపోయినా అనుమానించాలి. కాని మత్తుమందులు కూడ పట్టీని దించుతవి. శ్వాసయంత్రపు అదురు దానిని పైకెత్తుతుంది. చిన్న మూర్ఛలు తప్పిపోవచ్చును. అందువల్ల మాడు మీదుగా అతిధ్వని చిత్రమును కూడ తీస్తారు. అది గాయపడిన చోటు చూపుతుంది. పట్టీ మెదడు పనితీరును చూపుతుంది.

నెలలు నిండి ఊపిరాడక పుట్టిన శిశువులకు శరీరమును 72 గంటలు చల్లబరచే చికిత్స ఉన్నది. నెలతక్కువ వారికి అది తగదు. వీరికి మూర్ఛకు మందు, రక్తపు పోటు, చక్కెరల సవరణ, ఆ తరువాత నెలల తరబడి కాలుచేతుల ఎదుగుదలపై కనిపెట్టి ఉండుట, అవసరమైతే త్వరగా వ్యాయామచికిత్స మొదలుపెట్టుట ముఖ్యము. మొదటిరోజు చెడుగా ఉన్న పట్టీ వారములోగా కోలుకొనుట కూడ కద్దు. ఒక్కనాటి రేఖను చూపి, ఈ బిడ్డ నడవదు అని తల్లితో చెప్పరాదు.