సొంత జాగా లేనివారి సంగతేమిటి?

బోధన్‌లోని శక్కర్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది చక్కెర వల్లనే. 1930ల చివర నిజాం ప్రభుత్వం అక్కడ చక్కెర కర్మాగారం నెలకొల్పింది; దానిని అంటిపెట్టుకొని కార్మికుల క్వార్టర్లు వెలిశాయి. పని ఇచ్చినవారే గూడూ ఇవ్వాలన్నది ఆనాటి లెక్క. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీని మూసివేశారు. జీతం ఆగిన ఇంట్లో తరువాతి ప్రశ్న ఒకటే: ఈ క్వార్టరు మనకు ఎన్నాళ్లు?

ఇళ్ల బజారులో ప్రభుత్వం కల్పించుకోవచ్చునా అన్న చర్చకు మన చరిత్రలోనూ చోటుంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని ప్రజలు కోరగా దైవప్రవక్త (స) అంగీకరించలేదు. ఎవరి సొత్తు విషయంలోనూ అన్యాయం చేసినవారు కాకూడదన్నదే వారి భయం. ఈ హదీసును చూపి, ప్రభుత్వం అసలు జోక్యమే చేసుకోరాదనేవారున్నారు. ఇబ్నె తైమియా (ర) అలా భావించలేదు. కొరతతో సహజంగా పెరిగే ధర వేరు, ప్రజల అగత్యాన్ని ఆసరా చేసుకొని పెంచే ధర వేరు అన్నారు. తలదాచుకొనేందుకు మరో చోటు దొరకనివారికి ఇంటి యజమాని ఆశ్రయమివ్వక తప్పదని కూడా తమ ‘అల్ హిస్బా’లో రాశారు.

నిజామాబాద్‌లో గల్ఫ్ సంపాదన ప్లాట్లుగా, మేడలుగా మారుతోంది. అది చెమటోడ్చిన సొమ్ము, దానిని మేము తప్పుపట్టము. అయితే బీడీలు చుట్టి సంసారం ఈదే ఇల్లాలు ఆ ధరలతో పోటీ పడలేదు. 2015 నాటి రెండు పడకగదుల పథకం 560 చదరపు అడుగుల ఇంటిని ఉచితంగా ఇవ్వజూపింది. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ పథకం 5 లక్షల రూపాయలిస్తుంది, ముందుగా సొంత జాగా ఉన్నవారికి! జాగా లేకనే కదా అద్దె ఇంట్లో ఉన్నది.

అద్దెకు కళ్లెం వేయవచ్చు గదా అంటారు. న్యాయమైన అద్దె నిర్ణయించే అధికారాన్ని రెంట్ కంట్రోలర్‌కు 1960 చట్టమే ఇచ్చింది. నోటిమాట మీద ఇంట్లో చేరినవారికి ఆ గడప తొక్కే ధైర్యమెక్కడిది? పైగా ఒక్క గది అద్దెతో పొట్టపోసుకొనే వితంతువులూ మన మధ్య ఉన్నారు; వారినీ బడా యజమానులనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కళ్లెం మరీ బిగిస్తే ఇల్లు అద్దెకివ్వడమే మానుకుంటారు.

అందుకే మేము కోరేది వేరు. ప్రభుత్వ స్థలాలలో ప్రభుత్వమే ఇళ్లు కట్టి, అమ్మకుండా, పంచకుండా, తక్కువ అద్దెకు ఇవ్వాలి. శక్కర్‌నగర్‌లో ఒకనాడు చేసినదే ఇది. ఈసారి మాత్రం ఇంటి తాళం ఫ్యాక్టరీ గేటుకు వేలాడకూడదు.