ఒకే జత పట్టికల మధ్య బహుళ సంబంధాలు: కృష్ణాతీర ఆలయాల డేటాబేస్ రూపకల్పన

వ్యాససంగ్రహం: రెండు పట్టికల మధ్య ఒకటికి మించిన సంబంధాలు అవసరమైనప్పుడు వాటిని ఏ రీతిగా నిర్మించాలన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. శ్రీశైలం జలాశయం ముంపు వల్ల తరలిన ఆలయాలను, జిల్లాలు మారిన బీచుపల్లిని ఉదాహరణలుగా గ్రహించడం జరిగింది.

కీలకపదాలు: డేటాబేస్, ఫారిన్ కీ, పాత్రనామం, అనుసంధాన పట్టిక, అలంపురం, బీచుపల్లి

1. సమస్య స్వరూపం

ఆలయాలపై క్షేత్రపరిశోధన చేసేవారు తమ సమాచారాన్ని డేటాబేస్‌గా మలచుకొనేటప్పుడు సాధారణంగా ‘ఆలయం’, ‘గ్రామం’ అనే రెండు పట్టికలతో ఆరంభిస్తారు. ఆలయ పట్టికలో ‘గ్రామసంఖ్య’ అనే నిలువు వరుస ఉంటుంది. అది గ్రామ పట్టికలోని ప్రైమరీ కీని సూచించే ఫారిన్ కీ. చాలా ప్రాంతాలకు ఈ ఏర్పాటు సరిపోతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు మాత్రం సరిపోదు.

ఈ రెండు నదుల సంగమం వద్ద కూడవెల్లిలో ఉండిన బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని ముంపు కారణంగా విప్పి, అలంపురంలో పునర్నిర్మించారు. మరి దీని గ్రామసంఖ్య ఏది? అలంపురమని రాస్తే ఆలయం పేరులోని సంగమానికి ఆధారం పోతుంది. కూడవెల్లి అని రాస్తే చూడవచ్చిన వారికి అక్కడ ఆలయం కనబడదు. తరలింపు తరువాత ఒక విలువను చెరిపి మరొకటి రాస్తే, నీటమునిగిన ఊరు డేటాబేస్‌లో రెండోసారి మునిగినట్లే.

2. పాత్రనామాలు

ఈ సమస్యకు పరిష్కారం కొత్తది కాదు. ఇ.ఎఫ్. కాడ్ 1970లో సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించిన వ్యాసంలోనే, ఒకే విలువల సమితి ఒక పట్టికలో రెండుసార్లు వస్తే వాటిని పాత్రనామాలతో వేరుచేయాలని సూచించారు. యంత్రభాగాల పట్టికలో ఒక భాగం ‘పెద్దభాగం’గానూ, మరొకటి ‘ఉపభాగం’గానూ నిలవడం ఆయన ఇచ్చిన ఉదాహరణ.

దీనిని అనుసరించి ఆలయ పట్టికలో ‘మూలస్థలం’, ‘ప్రస్తుతస్థలం’ అని రెండు ఫారిన్ కీలు ఉండాలి. రెండూ గ్రామ పట్టికనే సూచిస్తాయి. ‘గ్రామం1’, ‘గ్రామం2’ అని పేర్లు పెట్టడం సులభమే గాని, ఆరు నెలల తరువాత ఏది ఏదో పెట్టినవారికే గుర్తుండదు. కదలని నవబ్రహ్మాలయాలకు రెండింటిలోనూ అలంపురమే ఉంటుంది. ప్రస్తుతస్థలాన్ని ఖాళీగా వదిలితే ‘మారలేదు’, ‘తెలియదు’ అనే రెండు అర్థాలు కలగాపులగమవుతాయి.

జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం మరొక చిక్కును చూపుతుంది. పాత ఊరు, కొత్త ఊరు రెండింటికీ పేరు ఒక్కటే. కనుక గ్రామ పట్టికకు పేరు కీ కాజాలదు. రెండు స్థలాలకూ వేర్వేరు సంఖ్యలు అవసరం.

3. ప్రశ్నించే తీరు

సమాచారాన్ని వెలికితీసేటప్పుడు గ్రామ పట్టికను రెండుసార్లు జాయిన్ చేసి, ఒక్కోసారి ఒక్కో మారుపేరు ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రెండవ ప్రతిని ‘గ్రామం_1’ అని తానే చూపుతుంది. దానిని చూసి పట్టిక నకలైందని కంగారుపడే విద్యార్థులు ఉంటారు. నిజానికి అది అదే పట్టికకు మరో చూపు మాత్రమే. మూలస్థలం తెలియని ఆలయాలు ఫలితంలోనుండి జారిపోకుండా అక్కడ లెఫ్ట్ జాయిన్ వాడాలి. ‘అలంపురంలో ఎన్ని ఆలయాలున్నాయి’ అన్న ప్రశ్నకు ఇప్పుడు రెండు సరైన సమాధానాలు ఉంటాయి. సిద్ధాంతగ్రంథంలో ఏ సంబంధంతో లెక్కించారో చెప్పక తప్పదు.

తొలగింపు విషయంలో మరింత జాగరూకత కావాలి. ‘ఇప్పుడు లేని ఊరు’ అని ఎవరైనా కూడవెల్లి వరుసను తొలగిస్తే, క్యాస్కేడ్ నియమం వల్ల ఆలయపు వరుస కూడా దానితోపాటు పోతుంది. ఇటువంటి రెండు ఫారిన్ కీలకూ క్యాస్కేడ్ పెట్టబోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ నిరాకరిస్తుంది. ఆ నిరాకరణ మేలే. రెండింటికీ తొలగింపును నిషేధించడమే తగినది.

4. నిలువు వరుసలు చాలని సందర్భం

శాసనాల విషయానికి వస్తే లభించిన చోటు, ప్రస్తుతం ఉన్న చోటు ఒక్కొక్కటే. వాటికి పై పద్ధతి చాలు. కాని ఒక దానశాసనం అనేక గ్రామాలను పేర్కొనవచ్చు. ‘దత్తగ్రామం1’ మొదలు ‘దత్తగ్రామం5’ వరకు వరుసలు పెంచుకుంటూ పోతే ఆరవ గ్రామం వచ్చిన నాడు నిర్మాణం కూలుతుంది. అక్కడ శాసనసంఖ్య, గ్రామసంఖ్య, పాత్ర అనే మూడు వరుసలతో అనుసంధాన పట్టిక కావాలి.

కాలంతో మారే సంబంధానికీ ఇదే మార్గం. ఆంజనేయస్వామి క్షేత్రమైన బీచుపల్లి ఉన్న నడిగడ్డ 1956 నవంబరు 1కి ముందు రాయచూరు జిల్లాలోనిది. తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణాపుష్కరాల పత్రాలలో ఊరు ఒక జిల్లాలోనూ, అదే సంవత్సరాంతపు పత్రాలలో మరొక జిల్లాలోనూ కనిపించడం తప్పు కాదు. కనుక ‘గ్రామం–జిల్లా’ పట్టికలో ఆరంభతేదీ, ముగింపుతేదీ ఉండాలి. అప్పుడే హైదరాబాదు రాజ్యకాలపు నివేదికలో రాయచూరు కింద నమోదైన అలంపురం శాసనం నేటి శాసనంతో జతపడుతుంది.

ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు మూలస్థలాన్ని, ప్రస్తుతస్థలాన్ని కూడా అనుసంధాన పట్టికలోకే చేర్చవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. చేర్చవచ్చు, కాని ‘ప్రతి ఆలయానికీ ప్రస్తుతస్థలం ఒక్కటే ఉండాలి, తప్పక ఉండాలి’ అన్న నియమాన్ని నిలువు వరుస ఒక్క మాటలో కాపాడుతుంది. అనుసంధాన పట్టికలో దానికి అదనపు నిబంధనలు రాయవలసి వస్తుంది. విగ్రహాలు, శాసనశిలల వలె పలుమార్లు చేతులు మారిన వాటికే ఆ శ్రమ సార్థకం.