చిగుళ్ళ నుండి రక్తం వస్తే బ్రష్ మాన్పించకండి



"అయ్యగారూ, పళ్ళు తోముకుంటే అమ్మాయికి రక్తం వస్తుందండి. వేడి చేసిందేమోనని బ్రష్ మాన్పించాం" అని గృహదర్శనాలకు వెళ్ళినప్పుడు తల్లులు చెబుతుంటారు. సాధారణంగా అది పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల సంగతే. కొందరు ఆడపిల్లలైతే నోటి వాసనకు సిగ్గుపడి, కూడికలలో పాటలు పాడేటప్పుడు కూడా చున్నీ అడ్డం పెట్టుకుంటారు. ఇది వేడి వల్ల వచ్చింది కాదు.

ఎదిగే వయస్సులో ఆడపిల్లలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, మగపిల్లలకు టెస్టోస్టిరాన్ అనే హార్మోనులు పెరుగుతాయి. గొంతు మారడం, మొటిమలు రావడం అందరమూ చూస్తాము. చిగుళ్ళ మీద కూడా వాటి ప్రభావం ఉంటుందని చాలామందికి తెలియదు. చిగుళ్ళకు రక్తప్రసరణ హెచ్చుతుంది. పంటి మొదట్లో పేరుకున్న పాచిలోని క్రిములను అవి మునుపటిలా ఓర్చుకోలేవు. చిన్నప్పుడు ఏమీ చేయని కొద్దిపాటి పాచికే ఇప్పుడు చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే రక్తం కారుతుంది. కొందరు ఆడపిల్లలకు నెలసరికి ముందు రోజులలో ఇది ఎక్కువై, తర్వాత తగ్గుతుంది.

కాబట్టి హార్మోనులను మనం ఆపలేము గాని పాచిని తీయగలము. రక్తం చూసి తోమడం మానితే పాచి ఇంకా పెరుగుతుంది, దానితోపాటు రక్తమూ పెరుగుతుంది. మెత్తని బ్రష్‌తో ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, పన్ను చిగురు కలిసేచోట నెమ్మదిగా తోమించండి. ఒకటి రెండు వారాలలో సాధారణంగా తగ్గుముఖం పడుతుంది. మన పల్లెల్లో రాత్రిపూట తోమే అలవాటు తక్కువ. నా దృష్టిలో అసలు లోపం అక్కడే ఉంది. బొగ్గు, ఇటుకపొడి వద్దు, అవి పంటిని అరగదీస్తాయి. వేపపుల్ల వాడేవారు దానిని బాగా నమిలి కుంచెలా మెత్తగా చేసుకోవాలి.

పన్నెండేళ్ళ ప్రాంతంలోనే రెండవ దవడపన్ను కూడా వస్తుంది. బాగా వెనుక ఉంటుంది గనుక బ్రష్ అందదు, పుచ్చేవరకు ఎవరూ చూడరు. అది ఊడితే మళ్ళీ రాదు.

పాచి గట్టిపడి గార అయితే దంతవైద్యుడే తీయాలి. "గార తీయిస్తే పళ్ళు కదులుతాయి" అనే మాట నమ్మకండి. చిగురును పాడుచేసి పళ్ళను కదిలించేది గారే. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 18 ఏళ్ళలోపు పిల్లలకు పరీక్షించే వాటిలో దంతవ్యాధులు కూడా ఉన్నాయి. బడికి వైద్య బృందం వచ్చిన రోజున పిల్లవాడు ఈ సంగతి చెప్పేలా చూడండి.

రెండు వారాలు శ్రద్ధగా తోమినా రక్తం ఆగకపోతే దంతవైద్యునికి చూపించాలి. దానితోపాటు జ్వరం, ఒళ్ళు పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనబడితే మాత్రం రెండు వారాలు చూడవద్దు. వెంటనే డాక్టరు వద్దకు తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయించండి.