కుండ దగ్గర కేక వేసేవారు ఎవరు?



గూడూరుకు తూర్పున, సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఒక పల్లె సంఘంలో కృతజ్ఞతార్పణల పండుగకు మేము వెళ్లాము. నిమ్మకాయల బస్తాలు, కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, నాటుకోళ్లు దేవుని సన్నిధిలో పెట్టి, ఆరాధన అయ్యాక వేలంపాట ముగించుకుని అందరం ప్రేమవిందుకు కూర్చున్నాము. అన్నం, సాంబారు, వంకాయ కూర, సొరకాయ ఎండురొయ్యల కూర. ఆ ప్రాంతంలో పండుగ భోజనానికి ఎండురొయ్యలు లేకపోతే వెలితిగా ఉంటుంది.

మా ఎదుటి పంక్తిలో ఏడేళ్ల పిల్లవాడు ఒకడు రొయ్యల కూర తనకొద్దన్నాడు. "పెట్టింది తినాలి నాయనా, అన్నం దగ్గర వంకలు పెట్టకూడదు" అని బుద్ధి చెప్పినవాళ్లలో మేమూ ఉన్నాము. వాళ్లమ్మ మాట్లాడకుండా వాడి విస్తరిలో వంకాయ కూర మాత్రం వేయించింది. కాని వడ్డించే తమ్ముడు రొయ్యల కూరలో ముంచిన గరిటెనే వంకాయ కూరలోనూ ముంచాడు. అది ఎవరూ గమనించలేదు.

పది నిమిషాలు కాలేదు. పిల్లవాడి పెదవులు ఉబ్బాయి. మెడ మీద, చేతుల మీద దద్దుర్లు లేచాయి. వాంతి చేసుకున్నాడు. ఊపిరి పీలుస్తుంటే పిల్లికూతలు వినిపించాయి. "దిష్టి తగిలిందమ్మా" అంది ఒక అవ్వ. "కూర్చోబెట్టండి, ప్రార్థన చేద్దాం, తగ్గిపోతుంది" అన్నారు ఒక పెద్ద. అప్పుడు ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సమ్మ లేచి, "ప్రార్థన ఆటోలో చేద్దాం రండయ్యా, ముందు బిడ్డను ఎత్తండి" అంది. పట్నంలో ఆసుపత్రికి చేర్చారు. తొడకు ఒక సూది వేశారు. కాసేపటికి పిల్లవాడి ఊపిరి కుదుటపడింది. దేవునికి స్తోత్రం, వాడు బ్రతికాడు.

సాయంత్రం ఆ తల్లి మాతో చెప్పిన మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. "నాలుగేళ్లప్పుడు కూడా ఒకసారి ఇట్లాగే అయిందమ్మా. ఎవరికీ చెప్పలేదు. కూలి చేసుకునేవాళ్ల బిడ్డకు ఇన్ని వంకలా అని నవ్వుతారని."

గిల్గాలులో జరిగిన సంగతి

రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో ఎలీషా దినాల నాటి ఒక వంట గురించి మనం చదువుతాము. కరువు కాలం. ప్రవక్తల శిష్యుల కోసం కుండ పొయ్యి మీద పెట్టారు. ఒకడు పొలానికి పోయి అడవి తీగ కాయలు ఒడి నిండా కోసుకువచ్చి, అవేమిటో తెలియకుండానే తరిగి వేశాడు. వాడికి చెడు ఉద్దేశం లేదు. పదిమంది కడుపు నింపాలనే ఆశతో చేశాడు. తినబోయినవారు ఇది ప్రాణం తీసే వంట అని గ్రహించి దైవజనునితో కేక వేసి చెప్పారు.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి. తెలిసినవారు నోరు మూసుకోలేదు. వండినవాడు కోపగించుకున్నట్టు రాయబడలేదు. దైవజనుడు "మీకు విశ్వాసం లేదా, తినండి" అని గద్దించలేదు. వెంటనే పిండి తెప్పించి కుండలో వేయించాడు. కాబట్టి భోజనం దగ్గర "ఇందులో ఏముంది?" అని అడగడం అవిశ్వాసం కాదు, మర్యాద తప్పడం కూడా కాదు.

ఎలర్జీ అంటే నోటి వంక కాదు

మన దేహంలో రోగాలతో పోరాడే శక్తిని దేవుడు పెట్టాడు. కొందరిలో ఆ శక్తి మంచి ఆహారాన్నే శత్రువనుకుని తిరగబడుతుంది. రొయ్యలు, పీతలు, చేపలు, గుడ్లు, పాలు, వేరుశనగ, జీడిపప్పు, సోయా, గోధుమ ఇందుకు ఎక్కువగా కారణమవుతాయి. పాలు, గుడ్ల ఎలర్జీ చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ పోతుంది. రొయ్యలది, వేరుశనగది సాధారణంగా నిలిచిపోతుంది. రొయ్యల్లో ఎలర్జీ కలిగించే పదార్థం ఉడికించినా పోదు. "బాగా ఉడికింది, ఏం కాదులే" అన్న మాట ఇక్కడ పనికిరాదు. కొందరికి గరిటెకు అంటినంత చాలు.

చర్మం మీద దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, ఆగని వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే అది ప్రాణాపాయం. దానికి మొదటి మందు ఎడ్రినలిన్ సూది. తొడ బయటి వైపు కండలోకి వేస్తారు. టీకాలు వేసే ఆరోగ్య సిబ్బంది దగ్గర కూడా ఈ మందు ఉంచుతారు. ఇంట్లో ఉన్న దురద మాత్ర ఇచ్చి తగ్గుతుందేమోనని ఎదురుచూస్తే కాలం మించిపోతుంది. 108కు ఫోన్ చేయండి. రోగిని నడిపించవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తు చేయండి. ఊపిరాడకపోతే ఆనించి కూర్చోబెట్టండి. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చు గనుక డాక్టరు ఉండమన్నంతసేపు ఆసుపత్రిలోనే ఉండాలి.

పొట్లం మీద ఏం రాసి ఉంది?

మన దేశంలో 2020లో వచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం, పొట్లంలో ఎలర్జీ కలిగించే పదార్థాలుంటే వాటిని విడిగా చూపించాలి. గోధుమ వంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ మరియు జీడిపప్పు వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేక అంతకు మించిన సల్ఫైటు ఆ జాబితాలో ఉన్నాయి. "కంటెయిన్స్" అని ఉంటే ఆ పదార్థం ఉన్నట్టు. "మే కంటెయిన్" అని ఉంటే కలిసి ఉండవచ్చునని హెచ్చరిక.

చాలామంది పచ్చచుక్క చూసి ధైర్యపడతారు. ఆ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. పాలు, వేరుశనగ, సోయా, గోధుమ అన్నీ పచ్చచుక్క కిందికే వస్తాయి. ఎలర్జీ ఉన్న బిడ్డకు ఆ చుక్క కాపుదల కాదు.

లేబుళ్లు చాలావరకు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. అమ్మకు చదువు రాకపోవచ్చు. సండేస్కూలులో పిల్లల చేత ఒక ఆదివారం బిస్కెట్ పొట్లం చదివించి చూడండి. ఆ పిల్లలే ఇంటింటికీ కాపరులవుతారు.

వెనక్కి పిలిచిన సరుకు

రొయ్యల గుంటలు సాగుచేసే మన కోట, వాకాడు, చిల్లకూరు మండలాల రైతులకు హెచ్చరిక అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మన రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందుల జాడ కనిపిస్తే యూరపు దేశాలు ఆ సరుకును ఆపేస్తాయి. 1979లో మొదలైన సత్వర హెచ్చరికల ఏర్పాటు ద్వారా ఆ కబురు మిగతా సభ్యదేశాలకూ చేరుతుంది. సముద్రాల అవతల మన రొయ్య తినేవాడి కోసం అక్కడ ఒక గంట మోగుతుంది. మరి మన ప్రేమవిందులో మన బిడ్డ కోసం ఎవరు గంట కొడతారు?

మన దేశంలోనూ చట్టం ఉంది. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 28వ సెక్షను ప్రకారం, తన సరుకు సురక్షితం కాదని తెలిసిన వ్యాపారి దానిని తానే వెనక్కి తీసుకోవాలి. ఆ పద్ధతికి 2017లో వేరుగా నిబంధనలు వచ్చాయి.

అందరికీ గుర్తున్నది 2015 నాటి మ్యాగీ నూడుల్స్ సంగతి. సీసం ఎక్కువ ఉందని ఆ ఏడాది జూన్ 5న ఆహార భద్రతా సంస్థ వాటిని వెనక్కి తీసుకోమంది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసి, మూడు ప్రయోగశాలల్లో మళ్లీ పరీక్ష చేయించమంది. వాటిలో ఒకటి మన హైదరాబాదులోని విమ్టా ల్యాబ్స్. పరీక్షల్లో సీసం పరిమితిలోనే ఉందని తేలింది. నవంబరులో సరుకు తిరిగి అంగళ్లకు వచ్చింది. దీనిలో మనకు రెండు పాఠాలున్నాయి. హెచ్చరిక వచ్చినప్పుడు ఆపడం తెలివి. ఆపడం తీర్పు కాదు గనుక, తేలకముందే ఒకరి మీద నింద వేయడం అబద్ధ సాక్ష్యమవుతుంది. 2017లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్లాస్టిక్ బియ్యమని పుకారు లేచి ఎందరు భయపడ్డారో జ్ఞాపకం చేసుకోండి. పరీక్ష చేస్తే అవి బియ్యమే.

బిడ్డకు విరేచనాలైతే

పల్లెల్లోని తల్లులకు అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక 2025లో వచ్చింది. ఓఆర్ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకుని కొన్ని తియ్యని పానీయాలు మందుల అంగళ్లలో కూడా అమ్ముడుపోయేవి. తల్లులు అదే మందనుకుని విరేచనాలైన బిడ్డలకు తాగించేవారు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద దాదాపు ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడారు, కోర్టుకు కూడా వెళ్లారు. చివరకు 2025 అక్టోబరు 14న, ఆహార పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. నవంబరులో అటువంటి సరుకును అంగళ్ల నుంచి తీయించమని రాష్ట్రాలకు చెప్పింది.

అసలైన ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు, మొత్తం 20.5 గ్రాములు ఉంటాయి. ఆ తియ్యని పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా లాగబడి విరేచనాలు పెరుగుతాయి. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉన్నదా చూసి కొనండి. ఆశా కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. ఏమీ దొరకని రాత్రి లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టండి.

ఒక స్త్రీ గిల్గాలు కుండ దగ్గర నిలబడినట్టు నిలబడి కేక వేసింది. వినడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

మన ఇంట్లో, మన సంఘంలో

బూజుపట్టిన వేరుశనగ పప్పులు ఏరి కోళ్లకు వేయడం మన ఊళ్లలో అలవాటు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు, కాలేయానికి హాని చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వేరుశనగ పిండి కలిసిన మేత తిని చచ్చిన తరువాతే లోకానికి దాని సంగతి తెలిసింది. తడిసిన, ముడుచుకుపోయిన, రంగు మారిన పప్పును మనుషులకూ వద్దు, కోళ్లకూ వద్దు. పారవేయండి.

చిల్లర అంగడి పెట్టుకున్న సహోదరులారా, మీతో ఒక మాట. వెనక్కి పంపమన్న సరుకు నాలుగు పెట్టెలు మిగిలితే నష్టమేనని మాకు తెలుసు. సగం ధరకు పక్క పల్లెలో అమ్మేస్తే ఎవరికీ తెలియదని కూడా తోస్తుంది. కాని దొంగ తూనికరాళ్లను అసహ్యించుకునే దేవుడు గడువు తేదీ చెరిపిన పొట్లాన్ని కూడా చూస్తాడు. కొనేవారు బిల్లు అడగండి, పొట్లం మీది బ్యాచి నంబరు, తేదీ చూడండి. అనుమానముంటే పొట్లం పారవేయకుండా ఉంచి ఆహార భద్రతా సంస్థ ఉచిత నంబరు 1800112100కు గాని, వినియోగదారుల సహాయ నంబరు 1915కు గాని చెప్పండి.

సంఘపెద్దలకు మా మనవి కొద్దిపాటిదే. ప్రేమవిందు రోజున వంటల పేర్లు, వాటిలో వేసినవి పలక మీద రాసి పెట్టండి. ఒక్కొక్క కూరకు వేరు గరిటె ఉంచండి. ఆశీర్వాద ప్రార్థనకు ముందు, "ఏదైనా పడనివారు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి" అని అయ్యగారు ఒక్క మాట అనాలి. దీనికి ఖర్చు లేదు.

మరుసటి సంవత్సరం అదే పండుగకు మేము మళ్లీ వెళ్లాము. గుడి గోడకు సుద్దముక్కతో రాసిన పలక వేలాడుతోంది. రొయ్యల కూర చివరి బల్ల మీద విడిగా ఉంది. ప్రార్థనకు ముందు అయ్యగారు అడగగానే, నిరుడు మాట్లాడని ఆ తల్లి లేచి నిలబడి, "మా అబ్బాయికి రొయ్య పడదండీ" అని అందరూ వినేలా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. మరొక మూల నుంచి ఇంకొక తల్లి లేచి, "మా పాపకు గుడ్డు పడదు" అంది. ఇన్నేళ్లుగా ఆమె కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది.

పరలోకమందున్న తండ్రీ, నీవిచ్చిన ఆహారానికి వందనాలు. తెలిసినప్పుడు చెప్పే నోరు, చెప్పినప్పుడు వినే చెవులు మా ఇళ్లకు, మా సంఘాలకు దయచేయుము. ఆమేన్.