నడిగీత దాటే నరపోగు

తన చోట కుదురుకున్న నాడీకణం ఆక్సాన్ అనే పోగును దూరంగా సాగదీస్తుంది. దాని కొసన ఉండేది గ్రోత్ కోన్. సన్నటి వేళ్లు చాస్తూ, ముడుస్తూ అది దారిలోని ప్రొటీన్లను తడుముతుంది. కొన్ని రమ్మంటాయి, కొన్ని పొమ్మంటాయి. రమ్మన్న వైపు కొసలోని ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగుపడుతుంది, పొమ్మన్న వైపు విడిపోతుంది. దాంతో ఆక్సాన్ రమ్మన్న వైపే మళ్లుతుంది.

1890లో కహాల్ అనే శాస్త్రవేత్త ఈ కొసను కోడిపిండంలో చూశాడు. 1940ల్లో స్పెర్రీ అనే మరో శాస్త్రవేత్త కప్ప కంటినరం కోసి, కన్ను తలకిందులుగా తిప్పినా పోగులు పాత చోటికే చేరాయి; ఈగ పైనుంటే కప్ప కిందికి దూకింది. రసాయన గుర్తులే కారణమని 1963లో ఆయన సిద్ధాంతీకరించాడు. 1990ల్లో ఆ అణువులు వరుసగా చేతికి చిక్కాయి.

అసలు చిక్కంతా శరీరాన్ని కుడి ఎడమలుగా విడదీసే నడిగీత దగ్గరే. కుడి పోగు ఎడమకు వెళ్లాలంటే నడిగీతకు ఆకర్షితం కావాలి, దాటాక మళ్లీ వెనక్కి రాకూడదు. నెట్రిన్ అనే ప్రొటీన్ పిలుస్తుంది, స్లిట్ అనేది తరిమేస్తుంది. స్లిట్‌ను పసిగట్టేవి రోబో1, రోబో2 గ్రాహకాలు. దాటేవరకూ వాటి నోరు నొక్కేది రోబో3. దాటగానే అది తప్పుకుంటుంది, అప్పుడు స్లిట్ మాట చెల్లుతుంది. నెట్రిన్ నడిగీత దగ్గరి నుంచే దూరాన ఉన్న పోగును పిలుస్తుందన్న పాఠ్యపుస్తకాల బొమ్మను మాత్రం అలాగే నమ్మనక్కర్లేదు. దారి పొడవునా ఉన్న నెట్రినే ముఖ్యమని 2017లో ఎలుకల్లో తేలింది.

రోబో3 చెడితే ఏమవుతుందో మనుషుల్లోనూ కనిపించింది. అలా పుట్టిన బిడ్డ కళ్లు పైకీ కిందికీ కదులుతాయి, పక్కలకు కదలవు. పుస్తకంలో వరుస చదవాలన్నా, పక్కనుంచి అమ్మ పిలిచినా తల మొత్తం తిప్పాల్సిందే. చిన్నతనంలోనే వెన్ను వంకరపోతూ వస్తుంది. స్కానింగులో మెదడుకాండం మధ్య చీలినట్టుంటుంది. ఎడమచేతికి ఆజ్ఞ కుడి మెదడు నుంచి కాక ఎడమ మెదడు నుంచే వస్తుంది. కారణం రోబో3 జన్యువు అని 2004లో గుర్తించారు. విచిత్రమేమంటే, ఇన్ని తీగలు దాటకపోయినా ఆ బిడ్డ తెలివితేటలు సాధారణంగా బాగానే ఉంటాయి.

తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు చెడ్డ ప్రతి వస్తేనే ఈ జబ్బు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. తమిళనాడులోని తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు తెలుగు, తమిళ ఇళ్లు రెండింటిలోనూ మేనరికం పాత అలవాటే. ఒకే తాత నుంచి వచ్చిన చెడ్డ ప్రతి ఇద్దరిలోనూ ఉండే వీలు అక్కడ ఎక్కువ. జబ్బు చాలా అరుదు కనుక భయపడాల్సిన పని లేదు. మేనరికపు ఇంట్లో ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం జన్యుపరీక్ష చేయించాలి.

పక్క పెట్టె: ధరణి

తిరువళ్ళూరు పొరుగునే, చెన్నై ఐఐటీలోని సుధా గోపాలకృష్ణన్ మెదడు కేంద్రం 2024 డిసెంబరులో ‘ధరణి’ని విడుదల చేసింది. రెండో త్రైమాసికపు పిండాల మెదళ్లను 5,132 పొరలుగా కోసి, కణస్థాయిలో చిత్రించిన అట్లాసు ఇది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కుడి ఎడమలను కలిపే కార్పస్ కెలోసం రూపుదిద్దుకునేదీ ఆ వారాల్లోనే. అయితే కోసిన పొర ఆగిపోయిన క్షణం. పోగు ఎటు తిరుగుతోందో చూడాలంటే జంతువుల పిండాలు, గాజుపళ్లెంలో పెంచిన కణాల వంటివే ఆధారం.